గ్లెన్ గౌల్డ్ సినిమాలో గౌల్డ్ వాయించడం ఎందుకు కనిపించదు? దీన్ని జీవితచరిత్ర అనవచ్చునా?

ప్రశ్న: నాలుగోవరుస

కెనడా దర్శకుడు ఫ్రాన్స్వా జిరార్ 1993లో తీసిన ‘థర్టీ టూ షార్ట్ ఫిల్మ్స్ అబౌట్ గ్లెన్ గౌల్డ్’ను ఈ మధ్యనే మొదటిసారి చూశాను. గౌల్డ్ గురించి అంతకుముందు నాకు తెలిసినదల్లా, ఆయన 1932లో టొరంటోలో పుట్టిన పియానో విద్వాంసుడనీ, జర్మన్ స్వరకర్త బాఖ్ రచన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 22 ఏళ్ల వయసులో రికార్డు చేసి ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నాడనీ, యాభయ్యో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే 1982 అక్టోబరులో కన్నుమూశాడనీ మాత్రమే. మిగిలినది సినిమా చెబుతుందిలే అని కూర్చున్నాను. గంటన్నర తరువాత లేచేటప్పటికి, కొత్తగా ఏం తెలిసిందని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యమైనా చెప్పలేని స్థితిలో ఉన్నాను. అయినా ఆ మనిషి రెండు రోజులపాటు నన్ను వదలలేదు.

కథ అని చెప్పుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ఒక ముక్కలో బాల్యం వస్తుంది, మరొక ముక్కలో ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒకదాని వెంట ఒకటి తెర మీదికి వస్తాయి, ఇంకొకదానిలో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ వంటివారు నిజంగానే కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. ఒక ముక్కలో మనిషే ఉండడు, గోళాలు మాత్రం సంగీతానికి తగ్గట్టు తిరుగుతూ ఉంటాయి. గౌల్డ్‌గా వేసిన కోమ్ ఫియోర్ ఒడ్డూ పొడుగూ ఉన్న రంగస్థల నటుడు. రూపంలో గౌల్డ్‌కు ఆయనకూ పెద్ద పోలిక కనిపించకపోయినా, ఆయనే గౌల్డ్ అని నమ్మడానికి నాకు అయిదు నిమిషాలు పట్టలేదు.

అన్నిటికంటే వింతగా తోచింది ఒకటి ఉంది. ఆ నటుడు పియానో మీద వేళ్లు పెట్టి వాయించే దృశ్యం సినిమా మొత్తంలో ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. వాయించినట్టు నటించడం కష్టమని దాటవేశారా, లేక దర్శకుడు కావాలనే అలా తీశాడా? కావాలనే అయితే, ఒక వాద్యకారుడి జీవితంలోంచి వాద్యాన్నే తీసేసిన తరువాత మిగిలినదాన్ని జీవితచరిత్ర అనడం సబబేనా? తెలిసినవారు కొంచెం వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: మంద్రస్థాయి

నాలుగోవరుస గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు సినిమా పేరులోనే ఉంది. 1741లో అచ్చయిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌లో మొదట ఒక ఆరియా, అంటే పాటలాంటి చిన్న రచన, ఆపైన 30 రూపాంతరాలు, చివర మళ్లీ అదే ఆరియా, వెరసి 32 భాగాలు ఉంటాయి. సినిమా కూడా ఆరియా అనే ముక్కతోనే మొదలవుతుంది. గడ్డకట్టిన సరస్సు మీద, తెల్లటి తెర మధ్యలో నల్లటి చుక్కలా ఉన్న మనిషి మెల్లగా మన వైపు నడిచి వస్తాడు. ముగింపులో అదే మంచు మీద తిరిగి వెళ్లిపోతాడు. ఇంతవరకు ఏ సమీక్షలోనైనా దొరుకుతుంది కాబట్టి దీని మీద ఆగను.

సమీక్షకులు సాధారణంగా పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. ఆ 30 రూపాంతరాలలో ఆరియా వరస మనకు మళ్లీ వినిపించదు. బాఖ్ పట్టుకున్నది పైన పాడుకోవడానికి వీలుగా ఉన్న వరసను కాదు, దాని కింద నడిచే మంద్రస్వరాల క్రమాన్ని. మన కర్ణాటక సంగీతపు నెరవులో సాహిత్యపు పంక్తి అలాగే నిలిచి ఉంటే రాగం దాని మీద కొత్త కొత్త దారులు తొక్కుతుంది కదా, ఇక్కడ పునాది నిలిచి ఉంటే పైకట్టు మొత్తం మారిపోతుంది. నెరవులో ఆ పంక్తి చెవిన పడుతూనే ఉంటుంది, ఇక్కడ మాత్రం పునాదిని మన చెవి వెతుక్కోవాలి. కనుక ఈ సినిమాను చూసేటప్పుడు అడగవలసింది, పైకి కనిపించే సంఘటనలు ఏమిటని కాదు, వాటన్నిటి కింద ఒకేలా నడుస్తున్నది ఏమిటని.

నా ఉద్దేశంలో అది వినడం. ఒక్కసారి ముక్కలన్నిటినీ ఆ దృష్టితో గుర్తు చేసుకోండి. ‘45 సెకన్లు, ఒక కుర్చీ’ అన్న ముక్కలో ఆయన కుర్చీలో కూర్చుని వింటూ ఉంటాడు, కెమెరా దగ్గరికి జరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. లారీ డ్రైవర్లు ఆగే హోటలులో ఒంటరిగా కూర్చుని, చుట్టుపక్కల బల్లల దగ్గర వేర్వేరు మనుషులు చెప్పుకునే కబుర్లను ఒకదాని మీద ఒకటిగా, ఒకే వరసను ఒకదాని వెంట ఒకటి అందుకునే ఫ్యూగ్ రచనలోని గొంతుకల్లాగా వింటాడు. స్టూడియోలో సాంకేతికులు అద్దానికి అవతల ఏవో మామూలు మాటలు చెప్పుకుంటూ ఉంటే, ఇవతల ఆయన తాను అప్పుడే వాయించినదాన్ని మళ్లీ వింటూ కళ్లు మూసుకుని ఊగిపోతాడు. ప్రతిసారీ చెవి దగ్గరే పట్టుకున్నాడు దర్శకుడు.

హాంబర్గ్ హోటలు ముక్కను తీసుకోండి, నాకు అన్నిటిలోకీ ఇష్టమైనది అదే. గౌల్డ్ ఫోనులో మాట్లాడుతూ ఉండగా తన కొత్త రికార్డు పార్సిలులో వస్తుంది. గది సర్దడానికి వచ్చిన పనిమనిషిని వెళ్లనివ్వకుండా కూర్చోబెట్టి ఆ రికార్డు పెడతాడు. ఆమెకు మొదట ఇబ్బందిగా ఉంటుంది, ఈ మనిషికి తనతో ఏం పనో అర్థం కాదు. మెల్లగా ఆమె ముఖంలో బిగువు సడలుతుంది, వినడం మొదలుపెడుతుంది. అప్పుడు రికార్డు అట్ట చూసి, ఎదురుగా ఉన్న మనిషే వాయిస్తున్నాడని గ్రహిస్తుంది. ఒక గొప్ప వాద్యకారుడికీ శ్రోతకూ మధ్య జరిగే వ్యవహారమంతా ఆ గదిలో, వేదికా చప్పట్లూ లేకుండా, జరిగిపోయింది. గౌల్డ్ జీవితాంతం కోరుకున్నది సరిగ్గా ఇటువంటి శ్రోతనే అని నేను అనుకుంటాను.

ఎందుకంటే ఆయన 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజలస్‌లో చేసిన కచేరీ ఆఖరిది. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. హాలులో కూర్చున్నవారికి ఆ సంగతి తెలియదు. సినిమా ఆ సాయంత్రాన్ని చూపిస్తుంది గాని కచేరీని చూపించదు. వేడినీళ్లలో చేతులు నానబెట్టుకోవడం, వేదిక వెనుక నడవడం, అక్కడ పనిచేసే ముసలాయన సంతకం అడిగితే ఆగి కార్యక్రమపత్రం మీద రాసి ఇవ్వడం, ఇవే ఉంటాయి. ఆ కాగితం మీద రాసినదాన్ని బట్టి ఆఖరి కచేరీ అన్న సంగతి ప్రపంచంలో మొదట తెలిసేది ఆ ముసలాయనకే.

ఇక వాయించడం సంగతి. సాధారణ సంగీత చిత్రాలలో నటుడి ముఖం ఒక షాట్‌లోనూ, వేరొకరి చేతులు మరొక షాట్‌లోనూ చూపించి రెంటినీ అతికిస్తారు. ఇక్కడ వినిపించేది గౌల్డ్ సొంత రికార్డింగులే కనుక, ఆ ధ్వని కింద మరొక మనిషి వేళ్లు పెడితే అది అబద్ధమయ్యేది. అందుకు బదులుగా దర్శకుడు పియానో లోపలికి వెళ్లాడు. సీడీ 318 అనే సంఖ్యతో గౌల్డ్ అభిమానించిన స్టైన్‌వే పియానో పేరిట ఒక ముక్క ఉంది. అందులో తీగలూ, వాటిని కొట్టే సుత్తులూ తప్ప మనుషులు లేరు. మరొకచోట వాయించే మనిషిని ఎక్స్-రే చిత్రంగా, ఎముకలు కదులుతుండగా చూపించారు. ముఖం తప్ప అన్నీ చూపించారన్న మాట.

సమాధానం: తెల్లమెట్లు

మంద్రస్థాయి గారి వివరణ అందంగా ఉంది. అయితే చాలా ఏళ్లు పియానో నేర్చుకుని, నేర్చుకున్నది సరిగా నిలబెట్టుకోలేకపోయిన మనిషిగా నాకు ఈ సినిమా మీద ఒక ఫిర్యాదు ఉంది. సాధన అనే దానికి ఇందులో తగిన చోటు లేదు.

గౌల్డ్ పదేళ్ల వయసు దాకా తల్లి దగ్గర నేర్చుకున్నాడు. ఆ తరువాత టొరంటో కన్సర్వేటరీలో, చిలీ దేశంలో పుట్టిన అల్బెర్టో గెరేరో అనే గురువు దగ్గర సుమారు తొమ్మిదేళ్లు నేర్చుకున్నాడు. అందరూ వింతగా చెప్పుకునే ఆ పొట్టి కుర్చీ ఉంది చూశారూ, నేల నుంచి 14 అంగుళాల ఎత్తున కూర్చునేటట్టు తండ్రి కాళ్లు కోసి చేసిపెట్టిన మడతకుర్చీ, దాని వెనుక ఉన్నది ఉట్టి చాదస్తం కాదు. కిందికి కూర్చుని, భుజం బరువు పియానో మెట్ల (కీల) మీద పడకుండా, వేళ్ల చివరలతోనే వాయించడం గెరేరో పద్ధతి. దానికి ఆయన నేర్పిన అభ్యాసం ఒకటి ఉంది. ఒక చేతి వేళ్లను మెట్ల మీద ఊరికే ఆనించి ఉంచి, రెండో చేత్తో ఒక్కొక్క వేలినీ తట్టాలి. వేలు మెట్టును నొక్కి దానంతట అదే తిరిగి లేవాలి, చెయ్యి మాత్రం బిగుసుకోకూడదు. నేను దాన్ని ఒక వారం ప్రయత్నించాను. నాలుగు వరసలు పూర్తి చేయడానికే గంట పట్టింది, నాలుగో వేలు ఎంత మొండిదో అప్పుడు తెలిసింది. గౌల్డ్ వాయిద్యంలో ప్రతి స్వరమూ విడివిడిగా, ముత్యం పేర్చినట్టు వినిపించడానికి ఇటువంటి చాకిరీ కొంత కారణం.

32 ముక్కలున్న సినిమాలో ఆ గురువు పేరిట ఒక్క ముక్క కూడా లేదు. గౌల్డ్ కూడా పెద్దయ్యాక తన గురువు పాలును తగ్గించి చెప్పుకునేవాడు, సినిమా ఆ మాటనే నమ్మినట్టుంది. స్టాక్ మార్కెట్ మీద ఆయన ఆసక్తికి ఒక ముక్క, ఆయన మాత్రలకు ఒక ముక్క దొరికినప్పుడు, ఆ చేతులను తయారుచేసిన మనిషికి చోటు దొరకకపోవడం నాకు న్యాయంగా తోచలేదు. వినడం పునాది అన్నారు, ఒప్పుకుంటాను. కాని వినేవాళ్లు లోకంలో కోట్ల మంది ఉన్నారు. విన్నదాన్ని వేలి చివరికి తెచ్చుకోవడం ఎలా జరిగిందన్నదే కదా ఆయన జీవితం?

రెండో ఫిర్యాదు చిన్నది. ఒంటరితనాన్ని ఈ సినిమా మరీ అందంగా తీసింది. ఆ మంచూ, ఆ ఓవర్‌కోటూ, ఆ ఖాళీ రోడ్లూ చూస్తే ఎవరికైనా అలా బతకాలనిపిస్తుంది. రక్తపోటు అంకెలను రోజుకు ఎన్నోసార్లు రాసుకుంటూ గడపడం లోపలి నుంచి అంత అందంగా ఉండి ఉండదు.

సమాధానం: రీలుపెట్టె

ఈ చర్చలోకి మరి రెండు సినిమాలను తీసుకురావడం అవసరమనిపిస్తోంది, ఎందుకంటే వాయించడం చూపించాలా వద్దా అన్న ప్రశ్నకు వాటి జవాబులు పూర్తిగా వేరు.

మొదటిది జాన్-మారీ స్ట్రౌబ్, డానియెల్ ఉయ్యే దంపతులు 1968లో తీసిన ‘క్రానికిల్ ఆఫ్ అన్నా మాగ్దలేనా బాఖ్’. గౌల్డ్ సినిమాలో వాయించడం లేకపోతే, ఇందులో వాయించడం తప్ప దాదాపు ఏమీ లేదు. బాఖ్ పాత్రకు నటుడిని కాక, పియానోకు ముందుకాలపు వాద్యమైన హార్ప్సికార్డ్ విద్వాంసుడు గుస్తావ్ లియోన్‌హార్ట్‌ను తీసుకున్నారు. ఆయన విగ్గు పెట్టుకుని కూర్చుని నిజంగా వాయిస్తాడు, ధ్వనిని అక్కడికక్కడే పట్టారు, షాటు నిమిషాల తరబడి తెగకుండా నడుస్తుంది. బిడ్డలు పోవడం, జీతం తగాదాలు, అధికారులతో పేచీలు భార్య గొంతులో, జమాఖర్చులు చదివినట్టు, పొడిగా వినిపించి దాటిపోతాయి. తెల్లమెట్లు గారు అడిగిన చాకిరీ అక్కడ దొరుకుతుంది. ఓపిక మాత్రం మీరే తెచ్చుకోవాలి. నేను మొదటిసారి చూసినప్పుడు నిద్రపోయాను, రెండోసారి చూసినప్పుడు రెప్ప వేయలేదు.

రెండోది టాడ్ హేన్స్ 2007లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ మీద తీసిన ‘ఐయామ్ నాట్ దేర్’. అందులో ఆరుగురు నటులు ఆరు వేర్వేరు పేర్లతో ఒకే మనిషిగా కనిపిస్తారు. ఒకడు నల్లజాతి కుర్రవాడు, ఒకరు స్త్రీ. 1960ల నడుమ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టి పాత అభిమానుల చేత తిట్లు తిన్న ఘట్టాన్ని పోలిన భాగంలో కేట్ బ్లాంచెట్ వేసిన పాత్రకు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. పాత్రలలో ఎవరికీ డిలన్ అన్న పేరు లేదు. పేరే మార్చుకుని, తన గతం గురించి తానే కట్టుకథలు చెప్పిన మనిషికి ఆ పద్ధతి తగింది.

అంటే మూడు సినిమాలూ ఎవరికి తగిన రూపాన్ని వారి దగ్గరే అరువు తెచ్చుకున్నాయి. నా మటుకు నాకు గౌల్డ్ సినిమాయే ఎక్కువ నచ్చింది. హేన్స్ సినిమాను పూర్తిగా ఆనందించాలంటే డిలన్ గురించి ముందే చాలా తెలిసి ఉండాలి. జిరార్ సినిమాకు అటువంటి ప్రవేశ రుసుము లేదు.

ఒక చిన్న సవరణ. నాలుగోవరుస గారు గోళాల ముక్కను ఈ సినిమా కోసమే చేశారని అనుకుని ఉండవచ్చు. అది కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో నార్మన్ మెక్‌లారెన్, రెనే జొద్వాఁ కలిసి అంతకుముందే, 1969లో, చేసిన యానిమేషన్ చిత్రం. దానికి సంగీతం గౌల్డ్ వాయించిన బాఖే.

సమాధానం: మంద్రస్థాయి

తెల్లమెట్లు గారూ, గురువు విషయంలో మీ ఫిర్యాదుకు నా దగ్గర జవాబు లేదు, అది లోపమే. వినేవాళ్లు కోట్ల మంది ఉన్నారన్న మాటకు మాత్రం కొంచెం అడ్డు చెప్పవలసి ఉంది.

కచేరీలు మానేసిన తరువాత గౌల్డ్ చేసినది ఇంట్లో కూర్చోవడం కాదు. 1967 డిసెంబరులో కెనడా రేడియో సీబీసీలో ‘ది ఐడియా ఆఫ్ నార్త్’ అనే కార్యక్రమం ప్రసారం చేశాడు. ఉత్తరాది మంచు ప్రాంతాలతో పరిచయం ఉన్న అయిదుగురిని విడివిడిగా మాట్లాడించి, ఆ టేపులను కోసి, అతికి, ఒకరి మాట మీద మరొకరి మాట వచ్చేటట్టు కూర్చాడు. మాట్లాడేవారిలో కొందరు ఒకరికొకరు ఎదురుపడకపోయినా వినేవాడికి మాత్రం అందరూ ఒకే రైలుపెట్టెలో ఉన్నట్టు ఉంటుంది. దాన్ని ఆయన కాంట్రాపంటల్ రేడియో, అంటే అనేక గొంతుకలు ఒకేసారి కలిసి నడిచే రేడియో, అన్నాడు. అందులో ఒక్క మెట్టు కూడా నొక్కలేదు, అయినా అది సంగీత రచనే. లారీల హోటలు ముక్క సరిగ్గా ఈ కార్యక్రమం వైపు వేలు చూపుతుంది. స్టూడియోలో కూడా ఆయనది ఇదే పద్ధతి. ఒక టేకులో మొదటి సగం, ఇంకొక టేకులో రెండో సగం బాగుంటే రెంటినీ అతికేవాడు, ఆ సంగతి దాచుకోలేదు సరికదా గొప్పగా చెప్పుకున్నాడు. అటువంటి మనిషి కథను పుట్టుక నుంచి చావు దాకా ఒకే తెంపులేని టేకుగా తీసి ఉంటే ఆయనకే నచ్చేది కాదు.

ఇంకొక మాట. మీరు అడిగిన వేళ్ల చరిత్ర సినిమాలో లేకపోయినా రికార్డులలో ఉంది. గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను ఆయన 1955లో ఒకసారి, 1981లో మరొకసారి, రెండూ న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలోనే రికార్డు చేశాడు. మొదటిది దాదాపు 38 నిమిషాలు, రెండోది దాదాపు 51 నిమిషాలు. రెండోదానిలో కొన్ని భాగాలను రెండుసార్లు వాయించిన మాట నిజమే గాని, తేడా అంతా అక్కడిది కాదు, ఆరియాయే ఎంతో నెమ్మదించింది. మధ్యలో గడిచిన 26 ఏళ్లలో ఆయనకు ఏమైందో చెప్పడానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి: నాలుగోవరుస

అందరికీ ధన్యవాదాలు. గోళాల సంగతి నేను పొరపాటు పడిన మాట వాస్తవమే. దర్శకుడు దాటవేయలేదన్నది నాకు స్పష్టమైంది. జీవితచరిత్ర అవునా కాదా అన్న చోట మాత్రం నేను తెల్లమెట్లు గారి వైపు సగం, మంద్రస్థాయి గారి వైపు సగం నిలబడి ఉన్నాను.

నిన్న రాత్రి హాంబర్గ్ ముక్కను మళ్లీ పెట్టుకుని చూశాను. మొదటిసారి నేను గౌల్డ్‌నే చూస్తూ కూర్చున్నాను, ఈసారి ఆ పనిమనిషినే చూశాను. వెళ్లిపోదామని తలుపు వైపు చూసిన మనిషి వినే మనిషిగా మారే క్షణం ఎక్కడుందో పట్టుకుందామని మూడుసార్లు వెనక్కి తిప్పాను గాని దొరకలేదు, ఎప్పటికప్పుడు అది అప్పటికే జరిగిపోయి ఉంటోంది.

ఆ తరువాత 1955 రికార్డింగును, దాని వెంటనే 1981 రికార్డింగును పెట్టుకున్నాను. రెండోదానిలో ఆరియా నడుస్తుండగా పియానో వెనుక నుంచి ఇంకేదో సన్నగా వినిపిస్తుంటే, పక్క గదిలో ఎవరో ఉన్నారేమోనని లేచి వెళ్లి చూశాను. ఎవరూ లేరు. వాయిస్తూ వాయిస్తూ ఆయనే తనలో తాను కూనిరాగం తీసుకుంటున్నాడు.